నీళ్ల మీద బండి ఎందుకు తిరగలేదు

ఇప్పుడు నేను కుర్చీలో వరసగా నలభై నిమిషాలు కూర్చోగలను. అది దాటితే నడుము ఊరుకోదు. లేచి, నీళ్లు తాగే వంకతో వంటింటి దాకా ఒక చుట్టు తిరిగి రావాలి. ఇదంతా అలా లేస్తూ కూర్చుంటూ రాసింది. మధ్యలో ఎక్కడైనా తెగినట్టు అనిపిస్తే అక్కడ నేను లేచాననుకోండి.

నా పేరు విజయ, వయసు నలభై ఏడు. సికింద్రాబాద్‌లో, సీతాఫల్‌మండిలో ఉంటాం. పదహారేళ్లుగా ఆడవాళ్లకు స్కూటీ నేర్పుతున్నాను. పొద్దున ఆరింటికి, క్రికెట్ ఆడేవాళ్లు రాకముందే, రైల్వే క్వార్టర్ల వెనక గ్రౌండులో నా క్లాసు. నేర్చుకునేవాళ్లు ముందు కూర్చుంటారు, నేను వెనక సీటు మీద కూర్చుని రెండు కాళ్లూ నేలకు ఆనించి ఉంచుతాను. వచ్చేవాళ్లలో నర్సులున్నారు, టీచర్లున్నారు, మనవడిని తానే స్కూల్లో దింపాలని పట్టుబట్టి నేర్చుకున్న పెద్దావిడ కూడా ఉంది. అందరికీ ఉండేది ఒకటే రోగం. భయం వేయగానే ఎక్స్‌లేటర్ ఇంకా గట్టిగా తిప్పేస్తారు, బండి గోడ మీదికి పోతుంది. అందుకే బండి ఎక్కించకముందే ప్రతి ఒక్కరి చేతా పదిసార్లు అనిపిస్తాను, "భయమైతే చెయ్యి వదులు" అని. బ్రేకు తర్వాత, హ్యాండిల్ తర్వాత, ముందు చెయ్యి వదలాలి. మా అమ్మాయి మౌనిక చిన్నప్పుడు ఆ గ్రౌండులోనే ఒక పక్కన కూర్చుని ఆడుకునేది. వచ్చీరాని మాటల్లోనే ఆ మాట పాటలా పాడుతుండేది.

ఇంకొక సంగతి. నేను చెబుతుంటే మధ్యలో "తెలుసు మేడం" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. తెలిస్తే నా దగ్గరికి ఎందుకొచ్చినట్టు? మొహం మీదే అడిగేస్తాను.

జనవరి

మౌనికది డిగ్రీ రెండో సంవత్సరం. సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయని నెలాఖరు ఆదివారం ముగ్గురం ఊరికి దూరంగా ఉన్న ఒక జలాశయానికి వెళ్లాం. దాని పేరు ఇక్కడ అనవసరం. అక్కడ జెట్ స్కీలు ఉన్నాయి. నీళ్ల మీద పరిగెత్తే మోటారు బండి అది. చూడటానికి లావెక్కిన స్కూటీలా ఉంటుంది. సీటు ఉంది, హ్యాండిల్ ఉంది, ఎక్స్‌లేటర్ బదులు కుడిచేతి వేళ్లతో నొక్కే మీట ఉంది. చూడగానే నా చేతులు ఆగలేదు.

మా ఆయన సత్యనారాయణ రాంగోపాల్‌పేట్‌లో ఒక హార్డ్‌వేర్ షాపులో పనిచేస్తాడు. నీళ్లంటే ఆయనకు మొదటి నుంచీ పడదు. "మీరు పోయి రాండ్రి, నేను బ్యాగులు చూసుకుంట" అని ఒడ్డునే కూర్చున్నాడు.

బండ్లు చూసుకునే ఆయన పేరు మల్లయ్య. యాభై దాటినవాడు, చేపలు పట్టే కుటుంబం నుంచి వచ్చినవాడు. "ఎనక నేను కూసుంట మేడం, మొదటిసారి గద" అన్నాడు.

"ఎందుకన్నా, మా బిడ్డ కూసుంటది. నేను బండి నేర్పేదాన్నే" అన్నాను.

ఆయన కాసేపు నా వంక చూసి, సరేలే అన్నట్టు తలూపాడు. ఇద్దరికీ లైఫ్ జాకెట్లు తొడిగి బెల్టులు బిగించాడు. బండికి తగిలించి ఉన్న ఒక ఎర్ర తాడు కొస నా మణికట్టుకు కట్టాడు. "మీరు పడితే ఇది ఊడొస్తది, ఇంజన్ బందైతది. లేకుంటే బండి మిమ్మల్ని ఇడిచిపెట్టి ఉరుకుతది." అది శ్రద్ధగానే విన్నాను. తర్వాత ఆయన "ఇంకోటి మేడం, మలుపుకునేటప్పుడు మాత్రం..." అని మొదలుపెట్టాడు.

"తెలుసన్నా, తెలుసు" అన్నాను.

మొదటి రెండు చుట్లూ ఎంత హాయిగా ఉందో చెప్పలేను. సిగ్నల్ లేదు, గుంత లేదు, అడ్డం వచ్చే ఆటో లేదు. నేను గట్టిగా కేకలు పెట్టాను. మౌనిక నా నడుము పట్టుకుని పడీపడీ నవ్వింది. మూడో చుట్టులో ఒడ్డు వైపు వస్తుంటే పడవలు ఆగే చెక్క గట్టు అనుకున్న దానికంటే తొందరగా ఎదురొచ్చింది. భయం వేసింది. నా చెయ్యి దానంతట అదే మీట వదిలేసింది. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పాను.

హ్యాండిల్ తిరిగింది. బండి తిరగలేదు.

ఇంజన్ చప్పుడు తగ్గిపోయింది, బండి మాత్రం జారుకుంటూ నేరుగా గట్టు మీదికే పోయింది. ఇంకా గట్టిగా తిప్పాను. నేనెటు తిప్పితే దానికేం? గట్టుకు వేలాడదీసిన టైర్లకు కొట్టుకున్నాం. నేను ఎగిరి, మళ్లీ సీటు మీదే కూలబడి, అక్కడి నుంచి నీళ్లలో పడ్డాను. సీటు మీద కూలబడ్డప్పుడే నడుములో ఏదో పటుక్కుమంది. ఆ చప్పుడు నాకు వినిపించింది.

మల్లయ్య బట్టలతోనే దూకాడు. మా ఆయన మోకాలి లోతు నీళ్లలోకి ఉరికొచ్చి నన్ను లేపి కూర్చోబెట్టబోయాడు. మల్లయ్య పెద్దగా అరిచాడు: "కూసోవెట్టకుండ్రి! ఎవ్వలు కూసోవెట్టకుండ్రి!" ఒక చెక్క తెప్పించి, నన్ను నీళ్లలోనే దాని మీదికి జరిపి, రెండు తువ్వాళ్లతో కట్టాడు. "కాలి వేళ్లు ఆడియ్యి తల్లీ" అన్నాడు. మేడం పోయి తల్లీ వచ్చిందని అంత నొప్పిలోనూ గమనించాను. వేళ్లు ఆడాయి. ఆయన కళ్లు మూసుకుని తెరిచాడు.

మౌనిక వెనక నీళ్లలో పడింది, మోచెయ్యి గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. "అమ్మా, అమ్మా" అనడం తప్ప ఆ సాయంత్రమంతా ఇంకో మాట లేదు.

ఫిబ్రవరి

వెన్నులో నడుము దగ్గరి ఎముక ఒకటి నలిగింది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పట్టి చూపించాడు. పైనా కిందా ఎముకలు చక్కగా ఉన్నాయి, మధ్యలోది ముందువైపు తొక్కిన అగ్గిపెట్టెలా ఉంది. నరాలకు తగల్లేదని, ఆపరేషన్ అక్కర్లేదని, ఆరు వారాలు మంచం, ఆ తర్వాత కొన్నాళ్లు బెల్టు అని చెప్పాడు. "నీళ్లలో మిమ్మల్ని కూర్చోబెట్టనివ్వని మనిషెవరో గానీ, ఆయనకు దండం పెట్టుకోండి" అన్నాడు.

తర్వాత మౌనికను అడిగాడు, బండి వెనక పడ్డప్పుడు ఇంజన్ నడుస్తోందా, ఆగిందా అని. ఆగే ఉందని చెప్పింది. ఒక నర్సమ్మను పిలిచి దాన్ని లోపలికి తీసుకెళ్లి చూడమన్నాడు. ఎందుకని అడిగాను. నాకు ఏదైనా తెలిసేదాకా నిద్ర పట్టదు. ఆయన మొహమాటపడుతూనే చెప్పాడు. ఆ బండి వెనక నుంచి నీళ్లు ఎంత జోరుగా వస్తాయంటే, సరిగ్గా దాని వెనక కాళ్లు విడిగా పడ్డవాళ్లకు ఆ ధార లోపలికి పోయి పేగులూ గర్భసంచీ చిరిగిపోయే ప్రమాదం ఉందట, ముఖ్యంగా ఆడవాళ్లకు. వెనక కూర్చునేవాళ్లు పల్చటి బట్టలతో ఎక్కకూడదట, వెట్‌సూట్ అనే మందపాటి రబ్బరు బట్ట లాంటిది వేసుకోవాలట. రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ నాకు ఎవరూ చెప్పలేదు గనక మీకు చెబుతున్నాను. నర్సమ్మ బయటికొచ్చి ఏమీ లేదని చెయ్యి ఊపేదాకా నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను.

మంచం మీద ఆరు వారాలంటే ఏంటో పడుకున్నవాళ్లకే తెలుసు. పక్కకు తిరగాలన్నా ఇద్దరు కావాలి. ఇరవై మూడేళ్ల కాపురంలో మా ఆయన చేత చేయించుకోని పనులన్నీ ఆ నెలలో చేయించుకున్నాను. మొదటిరోజు సిగ్గుతో ఏడ్చాను. మూడోరోజుకు బెడ్‌పాన్ ఎటు పెట్టాలో ఆయన మీదే అరుస్తున్నాను. చూడటానికి వచ్చిన చుట్టాలు తలా ఒక మాట అన్నారు. దిష్టి తగిలిందన్నారు, ఈ వయసులో ఆ సోకులేంటన్నారు. ఒక్కరైనా నన్ను తొలిచేస్తున్న ప్రశ్న అడగలేదు. నేను తిప్పాను కదా, అది ఎందుకు తిరగలేదు?

ఒకరోజు మా ఆయన మంచం అంచున కూర్చుని, "ఇగ చాలు విజయా. బండి అమ్మేద్దాం. మా షాపుకొచ్చే ఒకాయన అడుగుతున్నడు" అన్నాడు. అప్పటికే నా స్కూటీ మీద పాత దుప్పటి కప్పేశాడు.

"తప్పు నా చేతులదని తేలితే నేనే అమ్మేస్తా. క్లాసులు సుత బంద్ పెడతా. తేలేదాకా ముట్టుకోకు" అన్నాను.

రోషంతో అన్న మాట కాదు అది, నిజంగానే అన్నాను. నా చేతుల్ని నమ్మి ఆడవాళ్లు నడిరోడ్డు మీదికి పోతున్నారు. ఆ చేతులు సమయానికి పని చేయకపోతే, తిప్పాననుకుని నేను నిజానికి తిప్పకపోతే, ఇంకొకరి వెనక కూర్చునే హక్కు నాకు లేదు. ఆ మాట పైకి అన్న రోజు నుంచి నాకు నడుము కన్నా అదే ఎక్కువ బాధ పెట్టింది.

అందుకని మంచం మీదే పరీక్ష మొదలుపెట్టాను. చపాతీ కర్ర తెప్పించుకుని రెండు చేతులతో హ్యాండిల్‌లా పట్టుకుని, కళ్లు మూసుకుని, ఆ క్షణాన్ని మళ్లీ మళ్లీ చేసి చూశాను. గట్టు కనబడింది. చెయ్యి వదిలాను. ఎడమకు తిప్పాను. ప్రతిసారీ అంతే.

"ఏం జేస్తున్నవే?" అన్నాడు మా ఆయన.

"బండి తిప్పుతున్న."

మౌనిక చారుగిన్నెతో లోపలికొస్తూ ఆ కర్రను చూసి, గిన్నె బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది. అది నన్ను చూసి విసుక్కుందని అనుకున్నాను. అది కూడా తన స్కూటీ ముట్టడం మానేసి షేర్ ఆటోలో కాలేజీకి పోతోంది. అమ్మ నేర్పిన డ్రైవింగ్ మీద నమ్మకం పోయిందేమోనని నాకు లోపల గుచ్చుకునేది. అడగడానికి ధైర్యం చాల్లేదు. నేను అడగని ప్రశ్న అదొక్కటే.

మార్చి, ఏప్రిల్

బెల్టు అంటే బెల్టు కాదు, గట్టి ప్లాస్టిక్ పెట్టె. చంక కింది నుంచి తుంటి దాకా ఉంటుంది. ఎండలు షురూ అయ్యేసరికి లోపల చెమట, దద్దుర్లు, దురద.

ఫిజియోథెరపీ గది ముందు బల్ల మీద నా పక్కన రోజూ ఒకావిడ కూర్చునేది. పేరు రజియా బేగం, బన్సీలాల్‌పేట్‌లో బ్లౌజులు కుడుతుంది. స్టూలు మీది నుంచి పడి భుజం విరగ్గొట్టుకుంది. నేను బెల్టు సందులో స్కేలు పెట్టి గోక్కోవడం రెండు రోజులు చూసి, మూడో రోజు సంచీలోంచి టేపు తీసింది.

"చెయ్యి లేపు అక్కా. ఎంతుందో చూస్త."

"నీ భుజమే పైకి లేస్తలేదు, నువ్వేం కుడతవ్?"

"మిషన్ మీద ఒక్క చెయ్యి సుత నడుస్తది. నువ్వు ఫికర్ జెయ్యకు."

వారం తిరక్కుండా మెత్తటి మల్లు గుడ్డతో, కుట్టు ఎక్కడా ఒంటికి తగలకుండా, రెండు బనియన్లు కుట్టి తెచ్చింది. అవి వేసుకున్న రోజు నేను మధ్యాహ్నం రెండు గంటలు ఆపకుండా నిద్రపోయాను. ఎన్నాళ్లకో!

రజియాకు నా ప్రశ్న మొత్తం చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "మా తమ్ముడు జహంగీర్‌ది వాటర్ సర్వీసింగ్ ఉంది, బండ్లు కడుగుతడు. నీళ్ల జోర్ గురించి వానికే తెలవాలె. పోదాం పా" అంది. ఎక్సర్‌సైజులు కాగానే ఇద్దరం, ఒక భుజమూ ఒక నడుమూ, ఆటోలో బన్సీలాల్‌పేట్ వెళ్లాం.

తమ్ముడంది గానీ, జహంగీర్ గడ్డం మా ఇద్దరి జుట్టు కంటే ఎక్కువ నెరిసింది. నాకు కుర్చీ వేసి, కథంతా విని, "ఆ బండికి చక్రాలు ఉండయి గద అక్కా?" అన్నాడు.

"ఉండవు."

"బ్రేకు?"

"అదీ లేదు."

"మరి దేంతోని నడుస్తది?"

"కింద నుంచి నీళ్లు గుంజి ఎనకకు కొడతది."

ఆయన గడ్డం గోక్కుంటూ లేచి ప్రెషర్ పంపు ఆన్ చేశాడు. పైపును వదులుగా, చివర నీళ్లు కొట్టే గన్ దగ్గర మాత్రమే పట్టుకున్నాడు. "ఇప్పుడు చూడు" అని ట్రిగ్గర్ నొక్కి గన్ మూతిని కుడికి తిప్పాడు. నీళ్లు కుడికి కొట్టాయి, ఆయన చెయ్యీ పైపూ కలిసి ఎడమకు తన్నుకుపోయాయి. ఎడమకు తిప్పాడు, కుడికి తన్నుకుపోయాయి. తర్వాత ట్రిగ్గర్ వదిలేశాడు. మూతిని కుడికి తిప్పాడు, ఎడమకు తిప్పాడు, పైకెత్తాడు. పైపు చచ్చిన పాములా నేల మీద పడి ఉంది.

"నీళ్లు కొడితేనే దీనికి తిరిగే తాకత్ వస్తది అక్కా. నీళ్లు బందైనంక మూతి ఎటు తిప్పినా ఏం ఫాయిదా? నీ బండి హ్యాండిల్ సుత ఎనక ఇసొంటి మూతినే తిప్పిందనుకో. నువ్వు అప్పటికే ట్రిగ్గర్ ఇడిచిపెట్టినవ్."

నేను కుర్చీలోంచి లేచిపోయాను. బెల్టు ఉందని కూడా మర్చిపోయాను. "మళ్లీ చెయ్యి భాయ్, మళ్లీ చెయ్యి" అని నాలుగుసార్లు చేయించాను. చివరికి గన్ నేనే తీసుకుని చేశాను, రజియా వెనక నుంచి నన్ను పట్టుకుని "అరె, నడుమక్కా, నడుము!" అని మొత్తుకుంటూనే ఉంది. చీర మోకాళ్ల దాకా తడిసింది. నా చేతులు తిప్పాయి! సమయానికే తిప్పాయి. రోడ్డు మీద ప్రాణం కాపాడే పనే ముందు చేశాయి. నీళ్ల మీద ఆ పనే నన్ను గట్టుకు కొట్టింది. ఎప్పుడూ బండి నడపనివాడైతే భయంతో మీట ఇంకా నొక్కి పట్టేవాడేమో, బండి తిరిగేదేమో. పదహారేళ్ల అలవాటు నా వేళ్లలో ఉంది, అదే కొంప ముంచింది.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆయననూ మౌనికనూ కూర్చోబెట్టి బాత్రూం పైపుతో అంతా చేసి చూపించాను. మా ఆయన లేచి నల్లా కట్టేశాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఆ మల్లయ్య నాలుగుసార్లు ఫోన్ చేసిండు, నువ్వెట్లున్నవని. నేనే నీకు చెప్పలే. ఆయన మీద కోపముండె నాకు."

నాకు ఒళ్లు మండింది. నన్ను చెక్కకు కట్టి బతికించిన మనిషి మీద కోపమా? తిట్టడం తర్వాత పెట్టుకుని, ముందు ఫోన్ చేయమన్నాను. స్పీకర్ పెట్టాడు.

"తల్లీ, నడుస్తున్నవా?" అన్నాడు మల్లయ్య. అదే మొదటి మాట.

"నడుస్తున్న అన్నా. ఒక్కటి చెప్పు. ఆ రోజు మలుపుకునేటప్పుడు మాత్రం అని ఏందో చెప్పబోయినవ్ గద. ఏందది?"

"మలుపుకునేటప్పుడు మాత్రం చెయ్యి వదలొద్దని తల్లీ. జెర నొక్కే ఉంచాలె, అప్పుడే తిరుగుతది అని చెప్పబోయిన. మీరు తెలుసన్నరు. నేను మళ్ల చెప్పాలె ఉండె. ఎనక కూసుంటా అని గట్టిగ అనాలె ఉండె. అప్పటిసంది నిద్ర పడతలేదు నాకు."

"నీ తప్పేం లేదన్నా. చెప్పనిస్తే గద నువ్వు చెప్పేది" అన్నాను.

ఫోన్ పెట్టేసరికి మౌనిక గోడకు జారబడి కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"అమ్మా, నేనే. నేనే అరిచిన."

"ఏమని?"

"గట్టు రాంగనే నీ చెవుల 'చెయ్యి వదులమ్మా, చెయ్యి వదులు' అని నేనే అరిచిన. నువ్వు వదిలినవ్. నా వల్లనే..."

మూడు నెలలు! నా పిల్ల మూడు నెలలుగా ఇది మోస్తోంది. చపాతీ కర్ర చూసి పారిపోయింది అందుకు. స్కూటీ ముట్టనిది అందుకు. నేను నా చేతుల గురించి అందరినీ అడిగాను, పక్కన తిరుగుతున్న దీన్ని ఒక్కసారైనా ఏమైందని అడగలేదు. కిందికి వంగి పట్టుకుందామంటే బెల్టు వంగనివ్వదు. మా ఆయన దాన్ని లేపి నా దగ్గరికి తెచ్చాడు.

"ఆ గాలిలో నీ అరుపు నాకు వినపడనే లేదు బిడ్డా" అన్నాను. "నా చెయ్యి అంతకుముందే వదిలింది. అయినా ఆ మాట నీకు నేర్పింది ఎవరు? నేనే గద. ఇద్దరికీ ఒకటే భయమైంది, ఇద్దరం ఒకటే పని జేసినం."

అది నా భుజం మీద తల పెట్టి ఇంకా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా ఆయన బయటికి వెళ్లాడు. నా స్కూటీ మీది దుప్పటి మడత పెట్టి లోపలికి తెచ్చి బీరువా మీద పడేశాడు. అమ్మడం గురించి మళ్లీ ఎత్తలేదు.

జూన్

క్లాసులు మళ్లీ మొదలుపెట్టాను. ఇంకా వెనక కూర్చోను, పక్కన నడుస్తూ చెబుతాను. మొదట వచ్చింది ఒక బ్యాంకు ఉద్యోగిని. నేను ఎక్స్‌లేటర్ గురించి చెబుతుంటే "తెలుసు మేడం" అంది. ఎప్పటిలా కసిరేదాన్నే. ఈసారి బండి స్టాండు వేయించి, "నేను సుత ఒకసారి 'తెలుసు' అన్న" అని టాపు కాస్త ఎత్తి బెల్టు చూపించాను. ఆమె నోరు తెరిచి, తర్వాత చివరి దాకా విన్నది.

మీరెవరైనా నీళ్ల మీద ఆ బండి ఎక్కితే, ఎక్కొద్దని అనను, అది నిజంగానే హాయిగా ఉంటుంది. అక్కడి మనిషిని వెనక కూర్చోనివ్వండి. గట్టుకూ ఇతర బండ్లకూ చాలా దూరంలోనే నడపండి, ఎందుకంటే అది ఆపితే ఆగదు. అన్నిటికంటే ముందు, ఆయన మాట పూర్తి కానివ్వండి.

ఆ పొద్దున క్లాసు అయ్యేసరికి గ్రౌండు అంచున మౌనిక ఆగి ఉంది, తన స్కూటీ మీద. జనవరి తర్వాత మొదటిసారి. ఆటోలోనే ఇంటికి తీసుకెళ్తుందనుకున్న నేను నెమ్మదిగా వెనక కూర్చుని దాని నడుము పట్టుకున్నాను. గతుకులు తప్పిస్తూ చాలా నిదానంగా నడిపింది. మా వీధి మలుపు దగ్గర ఎదురుగా ఒక ఆటో అడ్డంగా తిరిగింది. మౌనిక వీపు బిగుసుకోవడం నా చేతులకు తెలిసింది.

"అమ్మా, చెయ్యి వదలాల్నా?"

"వదులు బిడ్డా," అన్నాను. "ఇది రోడ్డు."